దోనెమ్మ కట్టిన రెక్కల కూటమి

అనగనగా ఒక అడవి ఉండేది, పిల్లలూ. ఆ అడవిలో నేల మీద నడిచే జీవాలు కూడా ఆకాశంలో ప్రయాణాలు చేసేవి. మనకు విమానాలున్నట్టు వాటికి పక్షులుండేవి. ఎలుక పుట్టింటికి పోవాలన్నా, ఉడుత కొండ మీది వైద్యుడి దగ్గరికి వెళ్ళాలన్నా, కుందేలు సముద్రం చూసి రావాలన్నా రెక్కలున్నవాళ్ళను పిలవాల్సిందే.

"మరి గద్ద ఎలుకను తినేయదా?" అని అడుగుతారు మీరు. తినదు. ఎక్కించుకున్నవాళ్ళను తినకూడదని పక్షులన్నీ ఎప్పుడో ఒట్టు వేసుకున్నాయి. ఆ ఒట్టు మీద నమ్మకంతోనే ఎలుకలు గద్ద కాళ్ళ మధ్య కూర్చుని హాయిగా కునుకు తీసేవి.

ఆ అడవి నడుమ ఒక పెద్ద మడుగు. మడుగు ఒడ్డున దోనెమ్మ అనే గూడబాతు ఉండేది. గూడబాతు అంటే తెలుసుగా? బారెడు ముక్కు, ముక్కు కింద వేలాడే పెద్ద సంచి. మిగతా గూడబాతులు ఆ సంచిని చేపలు పట్టడానికే వాడేవి. దోనెమ్మ మాత్రం అందులో మెత్తని నాచు పరిచి, ప్రయాణికులను కూర్చోబెట్టేది.

"కాళ్ళు తుడుచుకుని ఎక్కండి. లోపల గంతులేయకండి. నాకు గానీ తుమ్మొచ్చిందంటే ఎక్కడ పడతారో నేను చెప్పలేను" అని ఎక్కే ప్రతివాళ్ళకూ చెప్పేది. అందరూ నవ్వుతూ ఎక్కేవాళ్ళు.

ఛార్జీ తలకో దోసెడు రొయ్యలు. ఎవరి దోసెడు వాళ్ళది. కుందేలు దోసెడు పెద్దది, ఎలుక దోసెడు చిటికెడంత. అయినా దోనెమ్మ ఏమీ అనేది కాదు.

ఆమె కింద ఒక గుంపు గూడబాతులు పనిచేసేవి. వాటిలో పీచయ్య ముఖ్యమైనవాడు. దోనెమ్మకు మరిది వరస. గాలి ఎటు తిరుగుతుందో అతనికి బాగా తెలుసు.

గుంపు కొండకు వెళ్ళేది, సముద్రానికి వెళ్ళేది. ఏటి మధ్యలో ఉన్న ఎండ్రకాయల లంకకు కూడా వెళ్ళేది. ఆ లంకలో ఉన్నవి కొన్ని ఎలుకల ఇళ్ళు, కొన్ని ముళ్ళపందుల ఇళ్ళు, అంతే. ఒక్కోసారి అక్కడ ఎక్కేది ఒక్కరే. ఆ ఒక్కరి కోసం కూడా దోనెమ్మ పక్షిని పంపేది.

"ఒక్క ఎలుక కోసం ఇంత దూరమా వదినా?" అని పీచయ్య విసుక్కునేవాడు.

"మనం పోకపోతే ఆ ఎలుక ఈదలేదు కదయ్యా" అనేది దోనెమ్మ.

ఇలా రోజులు సుఖంగా సాగుతుండగా అడవికి రెండు పెద్ద కూటములు వచ్చాయి.

మొదటిది గగన కూటమి. గద్దలు, రాబందులు, డేగలు కలిసి కట్టుకున్నాయి. దానికి నాయకుడు రాజరెక్క అనే గద్ద. రెండోది సాగర కూటమి. పెద్ద కొంగలు, బాతులు, సముద్రపు కాకులు కలిసి కట్టుకున్నాయి. దానికి నాయకుడు శంఖుడు అనే తెల్లటి కొంగ.

"మా కూటమిలో ఎక్కండి. ఒక పక్షి దగ్గర చెబితే చాలు, సగం ఛార్జీకే లోకం చివరి దాకా మా పక్షులే మోసుకుపోతాయి" అని రాజరెక్క చెట్టు చెట్టుకూ తిరిగి చెప్పాడు.

"వాళ్ళు సగం ఛార్జీకి తీసుకెళ్తే మేము పావు ఛార్జీకే తీసుకెళ్తాం" అన్నాడు శంఖుడు.

"మేము ఉచితంగా తీసుకెళ్తాం" అన్నాడు రాజరెక్క.

"మేము ఉచితంగా తీసుకెళ్ళి, ఎక్కినవాళ్ళకు తలా ఒక రేగుపండు కూడా ఇస్తాం" అన్నాడు శంఖుడు.

అడవిలో పండగ వచ్చినట్టయింది. పనున్నవాళ్ళూ ఎగిరారు, పనిలేనివాళ్ళూ ఎగిరారు. రేగుపండ్ల కోసం ఒక ఉడుత పొద్దున్న పోయి సాయంత్రం తిరిగొచ్చేది.

దోనెమ్మ దగ్గరికి మాత్రం ఎవరూ రావడం లేదు. ఆమె ఉచితంగా ఎలా తీసుకెళ్తుంది? రొయ్యలు రాకపోతే తన పక్షులకు ఏం పెడుతుంది? పైగా ఆ ఏడు వానలు సరిగ్గా పడలేదు. మడుగులో నీళ్ళు తగ్గాయి, చేపలూ తగ్గాయి. పక్షులు పస్తులుండే పరిస్థితి వచ్చింది. చివరికి దోనెమ్మ నీటిపిల్లుల పెద్ద జారుడయ్య దగ్గర చేపలు అప్పు తెచ్చింది. ఒకసారి తెచ్చింది. మళ్ళీ తెచ్చింది. అప్పు మడుగు గట్టంత ఎత్తున పేరుకుపోయింది.

సరిగ్గా అప్పుడే రాజరెక్క వచ్చి ఆమె ముందు వాలాడు.

"దోనెమ్మగారూ, మీ కష్టం చూడలేకపోతున్నాను. మా కూటమిలో చేరండి. మీ అప్పంతా మేమే తీరుస్తాం" అన్నాడు.

దోనెమ్మ కళ్ళు మెరిశాయి. "ఊరికే తీరుస్తారా?"

"రెండే షరతులు. ఆ ఎండ్రకాయల లంకకు పోవడం మానేయాలి. దండగమారి పని అది. ఇక రెండోది. మీరు ప్రయాణికులను చిలుకరాయి దాకా తీసుకెళ్ళి దింపాలి. అక్కడి నుంచి రాబందులు తీసుకెళ్తాయి. దింపిన తర్వాత వాళ్ళతో మీకు ఏ సంబంధమూ లేదు."

చిలుకరాయి అంటే అడవికీ సముద్రానికీ మధ్యనున్న పెద్ద బోడి కొండ. దాని మీద చెట్టు లేదు, చుక్క నీరు లేదు. ఒక పక్షి మీద నుంచి దిగి ఇంకో పక్షి ఎక్కడానికి కూటములు ఆ రాయినే వాడుకునేవి.

"ఒకవేళ రాబందులు రాకపోతే?" అని అడిగింది దోనెమ్మ.

"అది రాబందుల తలనొప్పి. మీకెందుకు?"

"నన్ను నమ్మి నా సంచిలో ఎక్కినవాళ్ళను సగం దారిలో దింపి, నాకు సంబంధం లేదని నేను అనలేనండి" అంది దోనెమ్మ.

రాజరెక్క వెళ్ళిపోయాడు. మర్నాడు శంఖుడు వచ్చాడు. అతనివీ అవే షరతులు, కాకపోతే మాటలు ఇంకా తీపిగా ఉన్నాయి. దోనెమ్మ అతనికీ అదే జవాబు చెప్పింది.

ఆ తర్వాత పీచయ్య వచ్చాడు. అతని గొంతులో కోపం కంటే బాధే ఎక్కువగా ఉంది.

"వదినా, పిల్లలు ఆకలికి ఏడుస్తున్నారు. ఆ లంక ఎలుకలు మనకేమైనా చుట్టాలా? వాళ్ళ కోసం మనం చావాలా? ఒక్కసారి సరేనను. నీ కాళ్ళు పట్టుకుంటాను."

దోనెమ్మ తల అడ్డంగా ఊపింది. "నీకు పిల్లలున్నారు పీచయ్యా. నిన్ను ఆపను. వెళ్ళు. నేను మాత్రం రాను."

పీచయ్య వెళ్ళాడు. అతని వెంట గుంపులో సగానికి పైగా వెళ్ళిపోయారు. వాళ్ళు గగన కూటమిలో చేరుతుంటే దోనెమ్మ ఒడ్డున నిలబడి చూసింది. ఆ రోజు ఆమె ఒక్క చేప కూడా నోట పెట్టలేదు.

మిగిలిన కొద్దిమందితోనే ఎండ్రకాయల లంకకు పోయి వస్తూ ఉండేది.

ఒక రోజు ఆ లంక నుంచి నూకాలు అనే ఎలుక వచ్చింది. చేతిలో మూట ఉంది, ముఖంలో సిగ్గు ఉంది.

"దోనెమ్మక్కా, సముద్రం దగ్గర ఇసుక దిబ్బల్లో మా అమ్మాయికి నెలలు నిండాయి. తొలి కాన్పు. నేను దగ్గర లేకపోతే భయపడుతుంది. గగన కూటమి వాళ్ళు ఊరికే తీసుకెళ్తున్నారంట. నా దగ్గర రొయ్యలు లేవు. అందుకని..."

"దానికి సిగ్గెందుకే?" అని దోనెమ్మ నవ్వింది. "నువ్వు అమ్మాయి దగ్గరికి చేరడం ముఖ్యం. జాగ్రత్తగా వెళ్ళు. నా మాటగా అమ్మాయిని అడిగానని చెప్పు."

నూకాలు పీచయ్య సంచిలోనే ఎక్కింది. పీచయ్య ఆమెను చిలుకరాయి మీద దింపాడు. ఇప్పుడు అక్కడ ఏం జరిగిందో వినండి.

ఇన్నాళ్ళూ ఊరికే ఎగిరిన కూటములు ఏం తిన్నాయి? దాచుకున్నది తిన్నాయి. అది అయిపోయాక అప్పు తెచ్చి తిన్నాయి. అప్పు ఇచ్చేవాళ్ళు లేకపోయేసరికి ఒకళ్ళ మీద ఒకళ్ళు పడ్డారు.

రాయి మీద రాబందులు రెక్కలు ముడుచుకుని కూర్చున్నాయి.

"మేము ఎగరం. గద్దలు మాకు రావలసిన తిండి పంపలేదు" అన్నాయి.

"సగం దారి మేము మోశాం. మిగతా దారి మీదే. మీ తిండి మీరే చూసుకోండి" అన్నాయి గద్దలు.

నూకాలు వణుకుతూ పక్కనున్న సాగర కూటమి కొంగను బతిమాలింది. "అన్నా, నన్ను సముద్రం దాకా తీసుకెళ్ళవా?"

"నువ్వు మా ప్రయాణికురాలివి కాదు" అని ఆ కొంగ ముఖం తిప్పుకుంది.

తెల్లారేసరికి సాగర కూటమి బాతులు కూడా ఎగరడం మానేశాయి. వాళ్ళ గొడవా అదే. రాయి మీదికి వచ్చేవాళ్ళే గానీ పోయేవాళ్ళు లేరు. ఎలుకలు, ఉడుతలు, కుందేళ్ళు, కప్పలు, ముసలివాళ్ళు, పసివాళ్ళు అందరూ ఆ బోడి రాయి మీద చిక్కుకుపోయారు. పైన ఎండ మండిపోతోంది. కింద రాయి కాలిపోతోంది. తాగడానికి నీళ్ళు లేవు.

పీచయ్య రాజరెక్క దగ్గరికి పరుగున పోయాడు. "అయ్యా, అక్కడ జనం అల్లాడిపోతున్నారు."

"నీ పని రాయి దాకానే కదా? వెళ్ళి ఇంకొంతమందిని తీసుకురా" అన్నాడు రాజరెక్క.

పీచయ్య గిర్రున తిరిగి, గాలిని చీల్చుకుంటూ మడుగు వైపు ఎగిరాడు. దోనెమ్మ ముందు వాలి తల దించుకున్నాడు.

"వదినా, నూకాలును నేనే దింపాను. ఆమె నన్ను పిలుస్తూనే ఉంది. నేను వచ్చేశాను" అని ఏడ్చేశాడు.

దోనెమ్మ అతన్ని తిట్టలేదు. ఒక్క మాట అడిగింది. "అక్కడ నీళ్ళున్నాయా?"

"చుక్క లేదు."

"అయితే ఏడుపు తర్వాత. ముందు సంచి నింపుకో."

అప్పుడే నీటిపిల్లి జారుడయ్య నీళ్ళలోంచి తల పైకెత్తాడు. అతను బాకీ అడగడానికి వచ్చాడు. "దోనెమ్మా, ఇవాళ చేపలు పట్టి ఇస్తానన్నావు. ఏవీ?"

"బాబాయ్, నీకు అబద్ధం చెప్పను. ఇవాళ పట్టే చేపలు నా పక్షులు తినాలి. తినకపోతే చిలుకరాయి దాకా ఎగరలేవు. అక్కడ ప్రాణాలు పోతున్నాయి. నీ బాకీ ఇవాళ తీర్చలేను."

జారుడయ్య మీసాలు దువ్వుకుంటూ ఆలోచించాడు.

"మీ గూడబాతులు చేపలు పట్టి, తిని, ఎగిరేసరికి పొద్దు వాలిపోతుంది" అని గొణిగాడు. తర్వాత తన వాళ్ళ వైపు తిరిగి గట్టిగా అరిచాడు. "ఒరే, అందరూ దిగండిరా! దొరికిన చేపనల్లా వీళ్ళ ముందు పడేయండి!"

"బాకీ పెరిగిపోతుంది బాబాయ్" అంది దోనెమ్మ.

"పెరగనీ. లంకలో ఒక్క ఎలుకను కూడా వదలనిదానివి, నాకిచ్చిన మాట తప్పుతావా? తిను, తిని బయల్దేరు."

నీటిపిల్లులు మడుగును చిలికేశాయి. పక్షులు కడుపునిండా తిన్నాయి. వెళ్ళిపోయిన గూడబాతులు కూడా సంగతి తెలిసి ఒక్కొక్కటే తిరిగొచ్చి వరసలో నిలబడ్డాయి.

కానీ గూడబాతులు మాత్రమే అయితే చాలవు. అంతమందిని సముద్రం దాకా మోయాలంటే రెక్కలు విరిగిపోతాయి. అందుకని దోనెమ్మ ఇద్దరిని పిలిపించింది. ఒకడు నీటికాకుల పెద్ద కర్రెన్న. రెండోవాడు బూడిదరంగు పొడుగు మెడల నారాయణ పక్షుల పెద్ద బూదయ్య. ఇద్దరివీ చిన్న గుంపులే. కూటములు ఏనాడూ వాళ్ళను లెక్కచేయలేదు.

"మాకు ఏటి దారి తప్ప ఇంకో దారి తెలియదు. సముద్రం మీదికి ఎప్పుడూ పోలేదు" అన్నాడు కర్రెన్న.

"మాకు ఉప్పుగాలి అలవాటే గానీ, అంత ఎత్తు రాయి ఎక్కలేం" అన్నాడు బూదయ్య.

"ఎవరికి తెలిసిన దారి వాళ్ళు మోయండి" అంది దోనెమ్మ. "రాయి నుంచి ఏటి మలుపు దాకా మేము. మలుపు నుంచి రెల్లు మిట్ట దాకా కర్రెన్న గుంపు. మిట్ట నుంచి ఇసుక దిబ్బల దాకా బూదయ్య గుంపు. అయితే ఒక్క మాట. మనలో ఒకరు ఎక్కించుకున్న మనిషి అందరికీ సొంత మనిషే. తర్వాతివాళ్ళు అందుకునేదాకా చేతిలో ఉన్నవాళ్ళు వదలకూడదు. ఒప్పుకుంటారా?"

"ఒప్పుకున్నాం" అన్నారు ఇద్దరూ.

ఇక చూడాలి పిల్లలూ, మడుగు మీంచి ఆ గూడబాతులు లేచిన తీరు! ప్రతి సంచిలోనూ నిండా నీళ్ళు. బరువుకు మెడలు వంగిపోతున్నాయి. అయినా ఒక్క చుక్క ఒలకనివ్వలేదు. తెల్లటి రెక్కలు బారులు బారులుగా కొండ వైపు సాగిపోయాయి.

రాయి మీద నూకాలు కళ్ళు మూసుకుని పడి ఉంది. నాలుక ఎండిపోయింది. ముఖం మీద చల్లగా ఏదో పడింది. కళ్ళు తెరిస్తే ఎదురుగా బారెడు ముక్కు.

"తాగు నూకాలూ, మెల్లగా తాగు. నీ కోసమే వచ్చాం" అంది దోనెమ్మ.

రాయి మీద పెద్ద గోల లేచింది. కుందేళ్ళు తాగాయి, ఉడుతలు తాగాయి. కప్పలైతే ఆ సంచుల్లోకే దూకేశాయి. అందరూ తాగాక, పక్షులు వాళ్ళను సంచుల్లో ఎక్కించుకుని ఏటి మలుపుకు మోయడం మొదలుపెట్టాయి. వెళ్తున్నాయి, వస్తున్నాయి, మళ్ళీ వెళ్తున్నాయి.

పడమటి వైపు నల్లటి మబ్బు కమ్ముకొస్తోంది. ఉరుము వినిపించింది. రాయి మీద ఇంకా చాలామంది ఉన్నారు. పిడుగు పడితే దాక్కోవడానికి చోటు లేదు.

ఒక మూల రాబందులు కూర్చుని ఇదంతా చూస్తున్నాయి. ఆకలికి వాటి తలలు వాలిపోయాయి. దోనెమ్మ ఏటి మలుపు నుంచి తిరిగొస్తూ సంచిలో చేపలు తెచ్చి వాటి ముందు పోసింది.

రాబందులు తెల్లబోయాయి. "మాకెందుకు పెడుతున్నావమ్మా? మేము నీ కూటమి కాదే!"

"ఆకలితో ఉన్నారు కదా, తినండి" అని, దోనెమ్మ మళ్ళీ ఎగిరిపోయింది.

రాబందులు తిన్నాయి. తిన్నాక ఒకదాని ముఖం ఒకటి చూసుకున్నాయి. వాటిలో పెద్దది లేచి, రెక్కలు విదిలించి అంది. "మనల్ని తిండికి లేకుండా చేసినవాళ్ళ మీద కోపంతో ఈ పసివాళ్ళను చంపుకుందామా? లేవండి."

అంతే. అడవిలోకెల్లా పెద్ద రెక్కలు ఒక్కసారిగా విచ్చుకున్నాయి. అది చూసి కొంగలు కదిలాయి. కొంగలను చూసి బాతులు కదిలాయి. ఏ కూటమి వాళ్ళు ఏ కూటమి మనిషిని మోస్తున్నారో ఎవరూ అడగలేదు. మొదటి పిడుగు చిలుకరాయిని తాకేటప్పటికి ఆ రాయి మీద ఒక్క చీమ కూడా లేదు.

ఇక నూకాలు సంగతి. ఏటి మలుపు దగ్గర ఆమెను కర్రెన్న తన వీపు మీద ఎక్కించుకున్నాడు. హోరుగాలిలో ఏటి వెంబడే ఎగిరి రెల్లు మిట్ట చేరాడు. మిట్ట మీద ఎవరూ లేరు. ఎదురుగాలికి బూదయ్య గుంపు ఎక్కడో ఆగిపోయింది.

కర్రెన్న పని అక్కడితో అయిపోయింది. ముందున్నది అతను ఎన్నడూ చూడని దారి. పైగా నీటికాకి రెక్కలు తడిస్తే త్వరగా ఆరవు. వాన మొదలైంది.

"అన్నా, నన్ను ఇక్కడ దింపెయ్. నీకు తెలియని దారి" అంది నూకాలు. ఒకసారి దిగిపోయినదానికి మళ్ళీ దిగాలంటే ఎంత భయమో ఊహించుకోండి.

"దింపడమా? ఇంకొకరు అందుకునేదాకా నిన్ను వదలకూడదు. మాట ఇచ్చాను" అన్నాడు కర్రెన్న. "గట్టిగా పట్టుకో నూకాలూ!"

సముద్రం వైపు ఎగిరాడు. గాలి అతన్ని పక్కకు తోసింది. కిందికి నొక్కింది. రెక్కలు తడిసి ముద్దయ్యాయి. పట్టు తప్పుతోందనుకునేసరికి వానలోంచి ఒక బూడిదరంగు మెడ కనబడింది. బూదయ్య! ఎదురుగాలితో పోరాడుకుంటూ, తనకు అప్పగించిన మనిషిని వెతుక్కుంటూ వస్తున్నాడు.

"ఎవరది, కర్రెన్నేనా? ఇంత దూరం వచ్చావా?"

"నువ్వు రాలేదుగా, నేనే వచ్చాను!"

ఇద్దరూ వానలో తడుస్తూనే నవ్వుకున్నారు. ఒకరి రెక్క చాటున ఒకరు ఎగురుతూ ఇసుక దిబ్బల మీద వాలారు. నూకాలు మూట చంకన పెట్టుకుని కన్నంలోకి పరుగెత్తింది. కూతురు నొప్పులు పడుతోంది. తల్లిని చూడగానే, "వచ్చావా అమ్మా" అని చెయ్యి పట్టుకుంది. కాసేపటికి లోపలి నుంచి కిచకిచమని ఒక గొంతు వినబడింది. తర్వాత ఇంకోటి. తర్వాత చాలా.

బయట తడిసి కూర్చున్న కర్రెన్న, బూదయ్య ఆ కిచకిచలు విని ఇసుకలో చిందులు వేశారు.

ఆ వాన అడవినంతా తడిపింది. మడుగు నిండింది. చేపలు మళ్ళీ పెరిగాయి. ఇప్పుడు ప్రయాణికులు ఎవరి దగ్గరికి వచ్చారంటారు? అందరూ దోనెమ్మ దగ్గరికే. ఊరికే వద్దు, ఛార్జీ ఇచ్చే ఎక్కుతామన్నారు. కుందేళ్ళు దోసెళ్ళ నిండా రొయ్యలు తెచ్చాయి. రేగుపండ్ల ఉడుత కూడా సిగ్గుపడుతూ నత్తలు ఏరుకొచ్చింది. దోనెమ్మ తన పక్షులకు కడుపునిండా పెట్టింది. జారుడయ్య బాకీ చివరి చేప దాకా తీర్చేసింది. గూడబాతులు, నీటికాకులు, నారాయణ పక్షులు కలిసి కొత్త కూటమి కట్టుకున్నాయి. రాబందులు వచ్చి చేరాయి. కొంగలూ బాతులూ వచ్చి చేరాయి.

ఒక రోజు రాజరెక్క, శంఖుడు కలిసే వచ్చారు. ఇద్దరూ చిక్కిపోయారు. వెనక చెప్పుకోవడానికి గుంపులు కూడా లేవు.

"మమ్మల్ని కూడా చేర్చుకుంటావా దోనెమ్మా?" అని అడిగాడు రాజరెక్క.

పీచయ్యకు ఒళ్ళు మండింది. "వదినా, వద్దని చెప్పు!"

దోనెమ్మ అతని వీపు నిమిరింది. తర్వాత గద్దను చూసి అంది. "చేర్చుకుంటాను. నువ్వు గట్టి రెక్కలున్నవాడివి. కానీ మొదటి ఏడంతా నువ్వు ఎండ్రకాయల లంకకే ఎగరాలి. ఒక్క ముళ్ళపంది ఎక్కినా సరే, వెళ్ళాలి."

రాజరెక్క తల వంచి, "వెళ్తాను" అన్నాడు. శంఖుడూ సరేనన్నాడు. నిజంగానే ఇద్దరూ వెళ్ళారు. ముళ్ళపందిని మోయడం అంత తేలిక కాదని కూడా తెలుసుకున్నారు. ఏడాది తిరిగేసరికి లంక పిల్లలు రాజరెక్క వాలగానే, "గద్ద మావయ్య వచ్చాడు" అని ఎదురెళ్ళేవాళ్ళు. ఆ పిలుపు అతనికి పాత నాయకత్వం కంటే బాగుండేది.

చలికాలం వచ్చింది. ఒక పొద్దున ఆకాశమంతా కొత్త కూతలతో నిండిపోయింది. ఉత్తరాన మంచుకొండలు దాటి, తల మీద నల్ల పట్టెలున్న బాతులు వచ్చి మడుగులో వాలాయి. వాళ్ళ నాయకురాలు వచ్చి దోనెమ్మ ఎదుట నిలబడింది.

"మంచుకొండల అవతల కూడా మీ గురించి చెప్పుకుంటున్నారు. మీరు ఎక్కించుకున్నవాళ్ళు చేరి తీరుతారంట కదా. మా దేశంలోనూ చిన్న జీవాలున్నాయి. వాళ్ళ ప్రయాణాలు మీతో కలుపుతారా?"

"మా మాట ఒక్కటే. ఎక్కినవాళ్ళు చేరేదాకా వదలకూడదు. ఒప్పుకుంటారా?" అంది దోనెమ్మ.

"మంచు తుఫానులోనైనా వదలం" అంది పట్టెతల బాతు.

మడుగంతా రెక్కల చప్పుడుతో మారుమోగింది. అంతలో ఒక ముసలి ముంగిస గుంపును తోసుకుంటూ ముందుకు వచ్చింది. మెడకు మఫ్లరులా గడ్డి చుట్టుకుంది.

"నాకు పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి మంచు చూడాలని ఉంది. మొదటి టికెట్టు నాదే!" అని అరిచింది.

అందరూ ఘొల్లున నవ్వారు. పట్టెతల బాతు వంగి వీపు చూపించింది. ముంగిస ఎక్కి దర్జాగా కూర్చుంది. బాతు ఒక్క ఊపున పైకి లేచింది. వెనకే వందల రెక్కలు, తెల్లవి, నల్లవి, బూడిదరంగువి, గోధుమరంగువి, ఒకే బారుగా లేచి ఆకాశం నిండా పరుచుకున్నాయి. కింద నిలబడ్డ జీవాలన్నీ తలలెత్తి, గొంతులు పగిలేలా కేకలు వేస్తూ సాగనంపాయి.

నీతి: మనల్ని నమ్మి వచ్చినవారిని గమ్యం చేరేదాకా వదలకుండా ఉండాలి, అలాంటివాళ్ళు కలిస్తేనే అది గట్టి కూటమి.